కొలతల పిన్ని, మేనేజరు మోకాళ్ళు

మా అత్తయ్యని వీధిలో అందరూ కొలతల పిన్ని అంటారు. ఒక మనిషిని ఒకసారి టేపుతో కొలిచిందంటే ఆ కొలత ఆవిడ బుర్రలో మేకు దిగినట్టు దిగిపోతుంది. కాగితం మీద రాయదు. రాసుకునే దర్జీలంటే ఆవిడకు చిన్నచూపు. "కాగితం పోతే కొలత పోతుంది. నా బుర్ర పోతే నేనే పోతాను, అప్పుడు కుట్టేదెవరు, అడిగేదెవరు?" అంటుంది.

మా ముందుగదే ఆవిడ దుకాణం. కిటికీ వారగా కుట్టుమిషను, గోడకు బస్సు డిపో వాళ్ళ యూనిఫారాలు, నేల నిండా దారం పోగులు. పెళ్ళయిన కొత్తలోనే మామయ్యగారు పోతే, ఆ ఒక్క మిషను తొక్కి కొడుకుని పెంచింది. తల్లి కుట్టిన యూనిఫారం వేసుకుని కొడుకు అదే డిపోలో బస్సు డ్రైవరయ్యాడు. ఆయన్ని నేను చేసుకున్నాను. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

అత్తయ్య పద్ధతి ఎలాంటిదో చెప్పడానికి మా ఆయనతో పనిచేసిన కండక్టరు సంగతి ఒక్కటి చాలు. అతను కొత్త ప్యాంటు తొడుక్కుని ఊపిరి బిగబట్టుకుని వచ్చాడు.

"పిన్నీ, గుండీ పెడితే మాట రావట్లేదు. మాట రాకపోతే టిక్కెట్లెలా కొట్టను?"

"నీ నడుము నాకు తెలీదా ఏంటి? పెళ్ళికి నేనే కుట్టా."

"పెళ్ళప్పటి నడుము ఇంకా ఎక్కడుంది పిన్నీ? పిల్లలు బళ్ళోకెళ్తున్నారు. ఒక్కసారి మళ్ళీ కొలవండి."

"మళ్ళీ కొలవడమా! నేనా?" అత్తయ్య మెడలో టేపు సర్దుకుంది. "ప్యాంటు సరిగ్గానే ఉంది. నువ్వే సరిగ్గా లేవు. రాత్రిపూట తిండి తగ్గించుకుని రా."

అతను నవ్వుకుంటూ గుండీ విప్పి, చొక్కా బయటికి వదిలి వెళ్ళిపోయాడు. నేను వంటగదిలోంచి విని నవ్వుకున్నాను. నవ్వడం అప్పటికి నాకు కొత్తగా ఉంది, ఎవరైనా చూస్తున్నారేమో అనిపించింది.

ఇక మేనేజరు. మేనేజరంటే మా పిల్లి. డిపోలో ఇంజను వేడికి చేరిన కూనని మా ఆయన చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. "పని చెయ్యడు, పొద్దున్నే వచ్చి అందరినీ ఒకసారి చూసిపోతాడు, అచ్చం మా మేనేజరే" అని ఆ పేరు పెట్టాడు. కిటికీ అరుగు మీద పాత బస్సు సీటు దిండు వేసి ఇద్దరూ కూర్చునేవాళ్ళు. ఆయన టీ తాగుతుంటే అది వీధిని తనిఖీ చేసేది. ఏళ్ళు గడిచేకొద్దీ మేనేజరు మెత్తటి మూటలా తయారయ్యాడు. అందరూ ముద్దుగా ఉన్నాడన్నారు.

అంతలో కుండెడు నీళ్ళు తాగడం, అది ఒంటికెళ్ళే మట్టిపెట్టె ఎప్పుడు చూసినా తడిసిపోయి ఉండటం మొదలైంది. మా ఆయనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పిల్లికి షుగరు అన్నారు. పిల్లికి షుగరేంటి, అది మిఠాయి తినదు కదా అని అత్తయ్య ఆయనతో వారం రోజులు దెబ్బలాడింది. దాంతోపాటు వెనక మోకాళ్ళు అరిగాయన్నారు. పూటపూటకీ సూది వెయ్యాలి, బరువు తగ్గించాలి. ఆయన ఉత్సాహంగా బరువు చూసే మిషను కొనుక్కొచ్చాడు. పిల్లి దాని మీద ఒక్క క్షణం నిలబడదు. అందుకని మనిషి పిల్లిని ఎత్తుకుని నిలబడాలి, వచ్చినదాంట్లోంచి మనిషి బరువు తీసెయ్యాలి. మిగిలింది పిల్లి. ఆ రోజు ఆయన తమాషాకి ఇంటిల్లిపాదినీ మిషనెక్కించాడు. నన్ను చూసి "బాగానే పెంచానే నిన్ను!" అన్నాడు. అత్తయ్య మా అందరి బరువులూ విని టేపు కొలతల పక్కనే పెట్టేసుకుంది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆయన డ్యూటీలో ఉండగా బస్సు పక్కకి ఆపి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడట. గుండె అన్నారు. బస్సులో ఒక్కరికి కూడా గీత పడలేదని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు ఏం చేసుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

చివరి నెలల్లో ఆయన కొంచెం సన్నబడ్డాడు. మేమందరం బాగుందన్నాం.

మేనేజరు నా వాటాకి వచ్చాడు. సూది నేను వేసేదాన్ని. మెడ వెనక చర్మం గుడారంలా లేపి గుచ్చాలి. మేనేజరు కదలడు. గుచ్చుతున్నంతసేపూ కళ్ళు మూసుకునేది అత్తయ్యే. పశువుల ఆసుపత్రి డాక్టరమ్మ మంచిదే, విసుక్కోకుండా చెబుతుంది. కానీ ఆవిడ చెప్పినవి ఇంటికొచ్చాక ఒకదానితో ఒకటి కొట్టుకునేవి. తిండి తగ్గించాలి, కానీ తినకుండా సూది వెయ్యకూడదు, వేస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. బరువు తగ్గాలి, కానీ త్వరగా తగ్గకూడదు. నడిపించాలి, కానీ ఎగరనివ్వకూడదు. మనుషుల నొప్పి మాత్రలు గోరంత కూడా ఇవ్వకూడదు, పిల్లికి అవి విషం. నొప్పి తగ్గించే మందుల్లో కొన్నిటికి షుగరు పెరుగుతుంది, కొన్నిటికి మూత్రపిండాలు దెబ్బతింటాయి, కాబట్టి చూసి చూసి ఇవ్వాలి, ముందు బరువే తగ్గాలి.

నేను చదువుకున్నది తక్కువ. అయినా ఇది చదువుకి సంబంధించిన తికమక కాదేమో. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

అత్తయ్యకైతే కోపమే వచ్చింది. "పిల్లికి బిచ్చం పెట్టనివాణ్ణి లోకమంతా తిడుతుంది. ఈవిడేమో ఫీజు తీసుకుని మరీ పెట్టొద్దంటోంది" అంది. అంటూనే గుడ్డముక్కలు కత్తిరించి, కుట్టి, దూది గట్టిగా కూరి కిటికీ అరుగుకు రెండు మెట్లు తయారుచేసింది, మేనేజరు ఎగరకుండా ఎక్కుతాడని. మట్టిపెట్టె అంచు ఒకవైపు కోయించింది, కాలు ఎత్తకుండా దాటుతాడని. పడుకోవడానికి పాత యూనిఫారం గుడ్డతో వెచ్చటి బొంత. అది ఎవరి యూనిఫారమో నేను అడగలేదు. జేబు మీది కుట్టు ఆనవాలు పట్టాను.

మేనేజరు మెట్ల దగ్గరికి వెళ్ళేవాడు. వాసన చూసేవాడు. పైన దిండు వైపు చూసేవాడు. వెనక్కి తిరిగొచ్చి కుట్టుమిషను కింద కూర్చునేవాడు.

"వాడు ఆ దిండెక్కితే చాలమ్మాయ్" అనేది అత్తయ్య దారం పళ్ళతో తెంపుతూ. "ఆ ఒక్కటీ చూస్తే చాలు నాకు."

నాకూ అంతే. ఇంట్లో ఆయన చేత్తో పెంచిన ప్రాణం అదొక్కటే మిగిలింది. నన్ను లెక్కలోకి తీసుకోవడం నాకు తట్టలేదు.

వారానికోసారి నేను మేనేజరుని ఎత్తుకుని మిషనెక్కేదాన్ని. అత్తయ్య మోకాళ్ళు కూడా అంతంతమాత్రం, పిల్లిని ఎత్తుకుని నిలబడలేదు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వంగి అంకె చూసి, నా బరువు మనసులోనే తీసేసి, పిల్లి బరువు చెప్పేది. మొదటివారం కొంచెం తగ్గింది. రెండోవారం ఇంకొంచెం. అత్తయ్య మొహం వెలిగింది. ఆయన పోయాక ఆ వెలుగు నేను చూడటం అదే మొదలు.

"చూశావా? నా మెట్ల మహిమ."

"మెట్లు వాడెక్కట్లేదు కదత్తయ్యా."

"ఎక్కాలన్న ఆలోచనకే కరుగుతున్నాడు వెధవ."

ఇంట్లో మా మాటలన్నీ వాడి గురించే. వాడు తిన్నాడా, వాడు పడుకున్నాడా, వాడికి నొప్పిగా ఉందా. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని మాట్లాడటం మానేసి చాలా రోజులైంది. చూసుకుంటే ఎవరో ఒకరు ఏడవాలి. అందుకని ఇద్దరం పిల్లి వైపు చూస్తూ మాట్లాడేవాళ్ళం. ఆవిడ "తిండైందా?" అని అడిగితే మేనేజరు గురించే అని నేను "అయిందండీ" అనేదాన్ని. ఆవిడకు పళ్ళెం పెట్టి, నేను తర్వాత తింటానని చెప్పి, తర్వాత గిన్నెలు కడిగేసేదాన్ని. ఆకలి వేసేది కాదు. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

బరువు తగ్గుతూనే ఉంది. కానీ కుంటడం ఎక్కువైంది. ఇక్కడే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. బరువు తగ్గితే మోకాళ్ళు తేలికపడతాయన్నారు. తగ్గింది. మరి ఈ కుంటేమిటి? పైగా వారం వారం ఎత్తుకుంటుంటే నా చేతులకి బరువెక్కువగా అనిపించేది. అంకె తేలికైందంటుంది, చేతులు బరువెక్కిందంటాయి. అంకె అబద్ధం చెప్పదు కదా, తప్పు నా చేతులదే అనుకున్నాను.

"అత్తయ్యా, వీడు లావెక్కినట్టు లేడూ?"

"బొచ్చమ్మాయ్. చలికి బొచ్చు ఒత్తుగా వచ్చింది. దూది తక్కువ కూరినా బొంత ఉబ్బుగా కనపడదా?"

అదీ నిజమే అనిపించింది. ఆవిడ ఏం చెప్పినా నాకు నిజమే అనిపిస్తుంది, నా అవస్థ అది.

డాక్టరమ్మకి ఫోను చేశాను. అంకెలు చెప్పాను. ఆవిడ మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. "షుగరున్న పిల్లి ఇంత వేగంగా తగ్గకూడదమ్మా. కండ కరుగుతోందేమో. తిండి కాస్త పెంచండి. ఒకసారి తీసుకొచ్చి చూపించండి" అంది.

అత్తయ్యకి తిండి పెంచమన్న మాట తేనెలా వినిపించింది. తీసుకురమ్మన్న మాట డిపో యూనిఫారాల కింద పడిపోయింది. కొత్త బ్యాచ్ డ్రైవర్లు చేరారు, చేతినిండా పని. వారం, ఇంకో వారం. మేనేజరు పళ్ళెంలో చేప ముక్క పెరిగింది. మిషను మీద అంకె మళ్ళీ తగ్గింది.

ఇంత తింటూ కూడా తగ్గుతున్నాడంటే! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందా? నేను సూది సరిగ్గా వెయ్యట్లేదేమోనన్న అనుమానం పట్టుకుంది. అత్తయ్యకీ నా మీద అదే అనుమానం, నాకేమో ఆవిడ దొంగచాటుగా మిఠాయి ఏదో పెడుతోందని అనుమానం. పైకి ఎవరమూ అనలేదు. గిన్నెల చప్పుడు మాత్రం ఎక్కువైంది. కాలుగాలిన పిల్లి అంటారు గానీ, ఆ వారం పిల్లి మిషను కింద కదలకుండా పడుకుంటే గది నుంచి గదికి తిరిగింది మేమిద్దరమే.

ఒక పొద్దున మేనేజరు మట్టిపెట్టె దాకా నడవలేక గడప దగ్గరే కూలబడి తడిపేసుకున్నాడు. నావైపు చూశాడు. చిన్నబోయిన చూపు. అత్తయ్య మిషను తొక్కడం ఆపేసింది.

"వాడూ ఇలాగే సన్నబడ్డాడు" అంది. ఏ వాడో చెప్పలేదు. "మనం బాగుందన్నాం. అమ్మాయ్, సంచీ తీసుకురా."

యూనిఫారాలు ఎక్కడివక్కడ వదిలి బస్సెక్కాం. కండక్టరు మా కండక్టరే. ఒళ్ళో సంచీ చూసి "మేనేజరుగారు ఇన్‌స్పెక్షనుకా?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి టిక్కెట్లు కొట్టి తప్పుకున్నాడు.

డాక్టరమ్మ మేనేజరుని బల్ల మీది తూకంలో కూర్చోబెట్టింది. ఆ తూకం గిన్నెలా ఉంటుంది, అందులో వాడు కదలకుండా కూర్చున్నాడు. ఆవిడ అంకె చూసింది, పాత చీటీ చూసింది, మళ్ళీ అంకె చూసింది.

"తగ్గాడని కదమ్మా చెప్పారు?"

"అవును" అన్నాను.

"పెరిగాడు. క్రితంసారి కంటే బాగా పెరిగాడు. అందుకే కాళ్ళు మొయ్యట్లేదు."

నాకు అర్థం కాలేదు. అత్తయ్యకి అంతకంటే కాలేదు. "మీ తూకం పాడైందమ్మా" అంది నిబ్బరంగా.

డాక్టరమ్మ తూకం మీద ఏదో డబ్బా పెట్టి చూసింది. సరిగ్గానే ఉంది. "ఇంట్లో ఎలా తూచారు?"

అత్తయ్య చెప్పింది. చెబుతుంటే ఆవిడ గొంతులో దర్జా తిరిగొచ్చింది. "మా కోడలు ఎత్తుకుని ఎక్కుతుంది. నేను దాని బరువు తీసేస్తా. దాని బరువు నాకు నోటికొచ్చు."

"ఆవిడ బరువు ఎప్పుడు చూశారు?"

"మిషను కొన్నరోజే. అబ్బాయి ఉన్నప్పుడు."

"తర్వాత మళ్ళీ చూడలేదా?"

"మళ్ళీ ఎందుకూ? నేను ఒకసారి..." అని అత్తయ్య ఆగిపోయింది.

డాక్టరమ్మ మూలకి చెయ్యి చూపించింది. అక్కడ నేల మీద పెద్ద కుక్కల్ని నిలబెట్టే తూకం ఉంది, మీద గోళ్ళ గీతలు. "ఒకసారి ఎక్కండమ్మా."

చెప్పులు విడిచి ఎక్కాను. ఎందుకెక్కమన్నారో అప్పటికీ తెలియదు. కుక్కల తూకం మీద నిలబడ్డానని సిగ్గేసింది, అంతే. అత్తయ్య అలవాటుగా కళ్ళజోడు పెట్టుకుని వంగింది. అంకె చూసింది. చాలాసేపు వంగే ఉంది. నడుము పట్టేసిందేమో అని నేను చెయ్యి అందించాను. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, వదలకుండా, మెడలో టేపు తీసి మణికట్టు చుట్టూ వేసింది. తర్వాత జబ్బకి. తర్వాత, డాక్టరమ్మ చూస్తుండగానే, నడుముకి.

"తగ్గింది ఇదమ్మా" అంది డాక్టరమ్మతో. "పిల్లి కాదు."

మేనేజరు తూకం గిన్నెలో కూర్చుని చెవి గోక్కున్నాడు.

"ఊరందరి ఒళ్ళూ కొలుస్తాను" అంది అత్తయ్య. నాతో కాదు, టేపుతో అన్నట్టు అంది. "వీధిలో ఎవరికి నడుము ఎక్కడ పెరిగిందో నడక చూసి చెబుతాను. ఎదురుగా తిరిగే మనిషి సగమైపోతే చూడలేదు. ఏమే, తిండైందా అంటే అయిందంటావే!"

"మీరు పిల్లి గురించి అడుగుతున్నారనుకున్నాను అత్తయ్యా."

"నేను ఇద్దరి గురించీ కలిపి అడిగా."

అది నిజమో, అప్పటికప్పుడు అన్న మాటో నాకు తెలియదు. డాక్టరమ్మ మొహం తిప్పుకుని చీటీ రాసుకుంది. తర్వాత మేనేజరు సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఫోనులో తను పెంచమన్న తిండి తగ్గించాలి, ఒక్కసారిగా కాదు. ప్యాకెట్లో వచ్చే పొడి గింజలు మానేసి తడి మాంసం మాత్రమే. ఇల్లంతా నాలుగు చోట్ల కొంచెం కొంచెం పెడితే దానికోసం వాడే నడుస్తాడు. మోకాళ్ళకి మాత్రం పరీక్ష చేసి, మూత్రపిండాలకు బరువు కాని మందు రాసింది. "షుగరు మరీ అదుపు తప్పలేదు. సూది బాగా వేస్తున్నారు" అంది నాతో. ఆ మాట కోసం ఎంతకాలంగా ఎదురుచూస్తున్నానో విన్నాకే తెలిసింది.

మర్నాడు కండక్టరు డ్యూటీకి వెళ్తూ గుమ్మం ముందు కనిపిస్తే అత్తయ్య పిలిచి, "ఇలా రా, చేతులెత్తు" అని నడుము కొలిచింది. అతను హడలిపోయి నావైపు చూశాడు. "పిన్నికి ఒంట్లో బాగుందా?" అని నన్ను గుసగుసగా అడిగాడు.

తర్వాత నా వంతు. నా బట్టలన్నీ తెప్పించి ముందేసుకుంది. అన్నీ వదులే. కత్తెర తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. అంచులు లోపలికి మడిచి పొడుగు పొడుగు కుట్లు వేసింది, బిగువు లేకుండా, లాగితే ఊడొచ్చేలా. ఆవిడ పనితనానికి అవి సిగ్గుచేటు కుట్లు.

"ఇవి నిలవవు కదత్తయ్యా" అన్నాను.

"నిలవకూడదనే. నువ్వు మళ్ళీ పెరుగుతావు, నేను మళ్ళీ విప్పుతా. గుడ్డ కొయ్యను."

ఇప్పుడు తూకంరోజున పద్ధతి మారింది. ముందు నేనొక్కదాన్నే ఎక్కాలి. అత్తయ్య వంగి అంకె చూస్తుంది. బాగుందనదు, లేదనదు. "ఊఁ" అంటుంది. తర్వాత మేనేజరుతో ఎక్కాలి. పిల్లికి కొలిచి పెడుతోంది, నాకు కొలవకుండా పెడుతోంది, పెట్టాక ఎదురుగా కూర్చుని కుట్టుమిషను నూనె తుడుస్తోంది. నేను లేచేదాకా ఆ మిషనుకి ఎంత తుడిచినా మరక పోదు. ఒకరు తగ్గితే సంతోషం, ఒకరు పెరిగితే సంతోషం. ఒకే మిషను మీద, ఒకే వంగుడులో ఆవిడ రెంటికీ ఎలా సర్దుకుంటోందో తెలియదు. నాకింకా అంకెలు గందరగోళంగానే ఉంటాయి. ఆకలి కూడా అంతే, వేసిందో లేదో తెలియకుండానే పళ్ళెం ఖాళీ అవుతోంది.

మొన్న మధ్యాహ్నం మేనేజరు మెట్ల దగ్గరికి వెళ్ళాడు. వాసన చూశాడు. ముందు కాళ్ళు మొదటి మెట్టు మీద పెట్టాడు. అత్తయ్య కాలు మిషను తొక్కుడుపలక మీద ఆగిపోయింది. వెనక కాళ్ళు ఒక్కొక్కటే లాక్కుని ఎక్కాడు. అక్కడే ఆగి, పైన దిండు వైపు చూశాడు. ఎక్కాలో దిగాలో తేల్చుకోలేనట్టు నిలబడ్డాడు.

నేను లేవబోయాను, కాస్త ఎత్తి కూర్చోబెడదామని.

"ఉండు" అంది అత్తయ్య. "ఇవాళకి అక్కడే కూర్చోనీ. మెట్టంటే కూర్చోడానికి కూడానే."

వాడు నిజంగానే మెట్టు మీద ముడుచుకుని కూర్చుని, అక్కడినుంచే వీధిని తనిఖీ చెయ్యడం మొదలుపెట్టాడు. కిటికీలోంచి సగమే కనపడుతుంది. సగం చాలన్నట్టు చూస్తున్నాడు. అత్తయ్య మళ్ళీ మిషను తొక్కింది. తొక్కుతూనే, నా వైపు చూసి, పిల్లి వైపు కాదు నా వైపే చూసి, "తిన్నావా?" అంది.